షుగర్ గ్లైడర్ నడవడిలో మార్పులు – వాటి అంతరార్థము

మాటలాడలేని ప్రాణులను మనం తెలుగులో మూగజీవులు అంటాము. ఉర్దూలో బేజుబాన్ అంటారు. నాలుక లేనిది అని ఆ మాటకు అర్థం. రెండు మాటలలోను జాలి ఉన్నది గాని, శాస్త్రదృష్టితో చూచినప్పుడు రెండూ పూర్తిగా సత్యములు కావు. ఆవు మేత మానివేసినప్పుడు, కోడి రెక్కలు వ్రేలవేసి ఒక మూల ముడుచుకొని కూర్చున్నప్పుడు, రైతు ఇంటిలోని పెద్దలకు ఎవరూ చెప్పనక్కరలేకుండానే సంగతి అర్థమయ్యేది. వారు ఆ ప్రాణులతో తరతరాలుగా కలిసి బ్రతికినవారు. ఏది వాటి సహజమైన నడవడియో ఎరుగుదురు గనుక, ఏది అసహజమో వెంటనే పోల్చుకొనగలిగేవారు. అట్టి పరిచయం ఏ మాత్రం లేని ప్రాణిని దూరదేశం నుండి ఇంటికి తెచ్చుకొన్నప్పుడే చిక్కు వచ్చిపడుతుంది. అది చెప్పవలసినది చెప్పుతూనే ఉంటుంది. మనకే ఆ భాష రాదు.

అట్టి ప్రాణులలో ఒకటి షుగర్ గ్లైడర్. ఆస్ట్రేలియా అడవులలోను, న్యూగినీ ద్వీపంలోను నివసించే చిన్న జంతువు ఇది. పెద్దదాని బరువు 80 గ్రాముల నుండి 160 గ్రాముల వరకు ఉంటుంది. అనగా మన చేతిలోని జామకాయంత. చూచుటకు ఉడుతవలె ఉన్నను ఉడుత జాతికి చెందినది కాదు. కంగారువలె పొట్టమీది సంచిలో పిల్లను పెంచే క్షీరదం. ముంగాలి చివరి వ్రేలి నుండి వెనుక పాదం వరకు ఇరుప్రక్కల పలుచని చర్మపు పొర ఉండుటచేత, కాళ్ళు నాలుగు చాచి చెట్టుమీది నుండి దూకినప్పుడు అది గాలిపటంవలె తేలుతూ 50 మీటర్ల దూరం వరకు పోగలదు. తీయని చెట్టుపాలను, పూల మకరందాన్ని ఇష్టపడుతుంది గనుక 'షుగర్' అనియు, గాలిలో తేలిపోతుంది గనుక 'గ్లైడర్' అనియు పేరు. శాస్త్రజ్ఞులు పెట్టిన పెటారస్ బ్రెవిసెప్స్ అను పేరుకు పొట్టి తల గల దొమ్మరివాడు అని చెప్పుకోవచ్చును. 2020లో ఆస్ట్రేలియా జంతువులను పరిశీలించి ఇది ఒక జాతి కాదు, మూడు జాతులని నిర్ణయించినారు. మన తూర్పు కనుమల అడవులలో ఎగిరే ఉడుత కలదు. ఆ రెండింటికి చుట్టరికం లేకున్నను ఒకే రకపు బ్రతుకు ఒకే రకపు పొరను రెండింటికి ఇచ్చినది. జంతుశాస్త్రం చదివే విద్యార్థులు పరీక్షలో వ్రాయదగిన ఉదాహరణ ఇది.

ఈ జంతువును ఇంటిలో పెంచే వేడుక 1990ల దశకంలో అమెరికాలో బాగా వ్యాపించినది. మా మేనల్లుడు టెక్సాసు రాష్ట్రంలో ఉద్యోగి. అతడు పిల్లల కోరికపై రెండింటిని కొన్నాడు. పిల్లలు మగదానికి లడ్డూ అని, ఆడదానికి జిలేబీ అని పేర్లు పెట్టినారు. జంతుశాస్త్రం బోధించేవాడను గనుక వాటికి ఏమి వచ్చినా ఫోను నాకు వచ్చేది. ఈ వ్యాసానికి మూలం ఆ ఫోనులే.

మొదటిది 2021 ఫిబ్రవరిలో వచ్చినది. ఆ నెల టెక్సాసులో మంచుతుఫాను వచ్చి లక్షల ఇళ్ళకు విద్యుత్తు నిలిచిపోయినది. మా మేనల్లుని ఇల్లును రాత్రంతా చలిలోనే ఉన్నది. తెల్లవారి చూచేసరికి లడ్డూ గూటిసంచిలో ఉండగా చుట్టుకొని, చల్లబడి, కదలక ఉన్నాడు. చచ్చిపోయినదని పిల్లలు ఏడుస్తున్నారు. పూడ్చుటకు పెరటిలో నేల కనిపించని మంచు. ఆ మంచే ఆ ప్రాణిని కాపాడినదని నేను ఇప్పటికీ అనుకొంటాను.

సంగతి ఏమనగా, ఈ జంతువులకు చలి ఎక్కువై ఆహారం దొరకని రోజులలో శరీరపు పొయ్యిని తగ్గించుకొనే శక్తి ఉన్నది. సాధారణంగా 36 డిగ్రీల చుట్టు ఉండే ఒంటి వేడి 20 డిగ్రీలకు కూడ దిగువకు పోవచ్చును. గుండె, ఊపిరి మిక్కిలి నెమ్మదిస్తాయి. ఇది ఎలుగుబంటివలె నెలల తరబడి సాగే నిద్ర కాదు. కొన్ని గంటలపాటు ఉండే తాత్కాలిక సుప్తావస్థ. అడవిలో చెట్టుతొర్రలో తోటివారితో ఒకదానినొకటి ఒరుసుకొని పడుకొని, వాన వెలిసిన తరువాత తమంతట తామే మేలుకొంటాయి. పంజరంలో మాత్రం దీనిని సహజమని ఊరకుండరాదు. ఇంటిలోని వేడి 24 నుండి 27 డిగ్రీలు ఉన్నప్పుడు, కడుపునిండ ఆహారం ఉన్నప్పుడు ఆ అవస్థ రానవసరం లేదు. వచ్చినదంటే గది చల్లబడినదో, జంతువు తినుట మానినదో, లోపల ఏదో రోగం ఉన్నదో కావలెను.

ఊపిరి ఉన్నదో లేదో ఓపికగా చూడమని, ఉన్నట్లయితే చొక్కాలోపల గుండెకు ఆనించి పట్టుకొని నెమ్మదిగా వెచ్చపరచమని చెప్పినాను. వేడినీటిలో ముంచుట, మంటవద్ద పెట్టుట ప్రాణాపాయం. మేలుకొనక ముందు నోటిలో నీరు గాని తేనె గాని పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోవును. గంట గడిచిన తరువాత వానికి ఒళ్ళు వణికినది. వణుకు మంచి గుర్తు. కండరాలు వేడిని పుట్టిస్తున్నవని అర్థం. సాయంత్రానికి లడ్డూ ఎప్పటివలె పంజరపు ఊచలు పట్టుకొని ఎక్కసాగినాడు.

ఈ విజయం వలన నాకు కొంత గర్వం కలిగినదని ఒప్పుకోవలెను. తరువాత జరిగినదానిలో ఆ గర్వానికీ పాలున్నది.

అడవిని ఎరుగనివారికి ఈ జంతువు నడవడిలో రోగమువలె తోచేవి అనేకం కలవు. ముందుగా వాటిని వేరు చేయవలెను. భయపడినప్పుడు ఇది చేసే శబ్దం కీచురాళ్ళ గుంపు ఒక్కసారిగా అరచినట్లుండును. అంత చిన్న గొంతులో నుండి అంత ధ్వని వచ్చునా అని మనిషి దడుసుకొనును. క్రొత్తగా ఇంటికి వచ్చినది రోజుల తరబడి ఆ శబ్దమే చేయవచ్చును. అది పిచ్చి కాదు, అపరిచితుని పట్ల భయం. అర్ధరాత్రి కుక్కపిల్లవలె పదేపదే మొరుగుట తోడును పిలుచుటకో, ఏదో చూచి హెచ్చరించుటకో. అరచేతులలోకి తుమ్మినట్లు చేసి ఆ తడితో ముఖం రుద్దుకొంటే అది జలుబు కాదు, ముఖప్రక్షాళనం. ఎదిగిన మగదాని నడినెత్తిమీద బొట్టుబిళ్ళంత బట్టతల ఏర్పడుతుంది. గజ్జి అనుకొని మందులు పూసినవారు కలరు. అది వాసనగ్రంథి, దానిని తోటివారికి రుద్ది తన గుంపు వాసన అంటించుట మగదాని పని. వేసవి వేడిమిలో ఒళ్ళంతా నాకుకొని ఉమ్మితడితో చల్లబరచుకొనుట కూడ దాని స్వభావమే, కాని అది గది వేడెక్కినదని మనకు చేసే ఫిర్యాదు కూడ. ఆడది సంచిలో పిల్ల ఉన్నప్పుడు ముట్టనీయదు, కసరుతుంది. పదిహేను, పదహారు రోజుల గర్భం తరువాత బియ్యపుగింజంత పిల్ల సంచిలోనికి ప్రాకిపోయి సుమారు 70 రోజులు అక్కడనే ఉండును. ఆ దినాలలో తల్లిని మాటిమాటికి ఎత్తి చూచుట మంచిది కాదు. బెదరిన తల్లి పిల్లలను విడిచిపెట్టుట, చంపివేయుట కూడ జరుగును.

పైవాటిలో ఒక్కటియు రోగం కాదు. ఇక నిజమైన రోగం ఎట్లుండునో చూడుడు. చప్పుడు చేయదు. పులులు, గుడ్లగూబలు, పాములు వెదకే అడవిలో బలహీనమైనదే ముందు చిక్కును గనుక, చిన్న ప్రాణులన్నీ తమ బలహీనతను చివరివరకు దాచుకొంటాయి. (ఆస్ట్రేలియాలో పులులు లేవని విద్యార్థులెవరైన గుర్తు చేయవచ్చును, అక్కడ ఆ పని గుడ్లగూబలు, కొండచిలువలు, ఉడుములు చేస్తాయి.) కావున అరచేది, కసరేది, ఎగిరేది కాదు మనకు ఆందోళన కలిగించవలసినది. నిన్నటివరకు చేసిన పని నేడు మానివేసినదే.

2022 వేసవిలో మేనల్లుడు మరల ఫోను చేసినాడు. జిలేబీ పంజరం పైనుండి భుజంమీదికి దూకుట మానినది. దిగి వచ్చి ప్రాకి ఎక్కుతున్నది. గూటిసంచి పైన ఉండగా పంజరపు అడుగున పడుకొంటున్నది. తిండి మాత్రం తింటున్నది. వయసు మీరినదేమో, బద్ధకించినదేమో అన్నాను. ఎంతో తేలికగా అన్నాను. పెంపకంలో ఈ జంతువు పదేండ్లకు పైగా బ్రతుకును. జిలేబీకి అప్పటికి నాలుగేండ్లు. ఆ చిన్న లెక్క నాకు తట్టలేదు.

మూడు వారాల తరువాత అది వెనుక కాళ్ళు ఈడ్చుకొంటూ కనిపించినది. పశువైద్యుడు ఎక్స్‌రే తీసి, ఎముకలు కాగితంవలె పలుచబడినవని చూపినాడు. కాల్షియం ఎక్కించినారు, ఎక్కి పడకుండ చిన్న పెట్టెలో ఉంచినారు. తొమ్మిదవ రోజున చనిపోయినది. మొదట దూకుట మానిన నాడే వచ్చి ఉంటే అవకాశం ఉండేదని వైద్యుడు చెప్పినట్లు మేనల్లుడు నాకు చెప్పినాడు. నన్ను తప్పు పట్టలేదు. అందువలన భారం తగ్గలేదు.

ఈ రోగం పెంపుడు షుగర్ గ్లైడర్లలో సాధారణంగా కనిపించేది. దీని మూలం ఆహారంలో ఉన్నది. రక్తంలో కాల్షియం తగు మోతాదులో లేనిదే కండరం ముడుచుకొనదు, నరం సందేశం మోయదు. ఆహారంలో అది చాలనప్పుడు పారాథైరాయిడ్ గ్రంథి ఎముకలలో దాచిన కాల్షియమును కరిగించి రక్తానికి అందించును. ఎముక ఒక బ్యాంకు వంటిది. జమ లేక తీసుకొనుటయే సాగితే ఖాతా ఖాళీ కాక తప్పదు. ఆహారంలో భాస్వరం ఎక్కువైనకొలది ఈ నష్టం త్వరపడును. కావున కాల్షియం భాస్వరముకంటె తక్కువ కాకుండ, వీలైతే రెండింతల వరకు ఉండవలెనని పశువైద్యులు చెప్పుదురు. మేనల్లుడు పెట్టినవి ఆపిలు, ద్రాక్ష, అరటిముక్కలు, అంగడిలో అమ్మే పిండిపురుగులు. పండ్లలో కాల్షియం స్వల్పం. పురుగులలో భాస్వరం మిక్కుటం. పెట్టినవన్నీ అది ఇష్టంగా తిన్నది. ఇష్టంగా తినుట వేరు, సరిపోవుట వేరు అని మాకు తరువాత గాని తెలియలేదు.

అడవిలో ఇదే జంతువు పురుగులను తింటుంది గదా, అక్కడ ఎముకలు ఏల కరగవు? తుమ్మజాతి చెట్ల బంక దాని ముఖ్యాహారాలలో ఒకటి. మన ఊళ్ళలో పిల్లలు తుమ్మచెట్టు నుండి గిల్లి తెచ్చే బంకవంటిదే అది. ఆ బంకలో కాల్షియం లవణరూపంలో సమృద్ధిగా ఉన్నది. నీలగిరిజాతి చెట్ల బెరడును పంటితో గీరి కారిన రసం నాకుట, రాత్రంతా కొమ్మనుండి కొమ్మకు ప్రాకుట, దూకుట కూడ దాని జీవితంలో భాగాలు. మనం పండ్లపళ్ళెం ముందు పెట్టి గారాబం చేస్తున్నామనుకొంటాము. దాని ఎముకల లెక్కలో అది పస్తు.

జిలేబీ చనిపోయిన తరువాత మరొక సంగతి తెలియవచ్చినది. లడ్డూ మొదటి మూడు రాత్రులు పంజరమంతా తిరిగి మొరిగినాడు. తరువాత ఊరకున్నాడు. అలవాటు పడినాడని ఇంటివారు సంతోషించినారు. రెండు వారాలకు తోక మొదట బొచ్చు ఊడినది. పగలు, నిద్రపోవలసిన వేళ, బయటికి వచ్చి పంజరపు ఒకే మూలలో వెనుకకు పల్టీ కొట్టుట, మరల కొట్టుట, గడియారపు లోలకంవలె. తరువాత ఒక ఉదయం తోక చివర నెత్తురు. వాడు దానిని కొరుకుకొంటున్నాడు.

తన శరీరాన్ని తానే గాయపరచుకొనుట ఈ జంతువులలో పశువైద్యులు తరచుగా చూచే విషాదం. తోకను, కాలిని, శస్త్రచికిత్స జరిగిన చోటును, మగవి జననాంగమును సైతం కొరుకుకొంటాయి. కారణం రెండు రకాలు. ఎక్కడో నొప్పి ఉండుట ఒకటి: పుండు, మూత్రనాళపు వ్యాధి, కుట్లు మొదలైనవి. అందుచేత మనసు కుదుటపడలేదని నిర్ణయించక ముందు వైద్యుడు ఒళ్ళంతా పరీక్షించవలెను. రెండవది ఒంటరితనం.

ఒంటరితనం అన్నది మనిషి భావాన్ని జంతువుకు అంటగట్టి వ్రాస్తున్న మాట కాదు. అడవిలో ఏడు వరకు పెద్దవి, వాటి పిల్లలతో కలిసి ఒకే తొర్రలో నివసిస్తాయి. గుంపులోని పెద్ద మగది తన వాసన అందరికి అంటించును. ఆ వాసన ఉన్నది మనది, లేనిది పరాయిది. పిల్లల సంరక్షణలో మగవాటికి కూడ పాలున్నది. టాస్మేనియాలో పనిచేసిన పరిశోధకులు 1994లో ప్రకటించిన ఒక ప్రయోగం ఈ సందర్భంలో చెప్పదగినది. తన గుంపులో పెత్తనం చేసే మగదానిని తీసి, స్థిరపడిన మరొక గుంపులో ప్రవేశపెట్టినారు. అక్కడ దానికి పెత్తనం లేదు. కొద్దికాలంలోనే దాని నడవడి మారినది. రక్తంలో మగతనపు హార్మోను తగ్గినది, ఒత్తిడిని సూచించే కార్టిసాల్ పెరిగినది. ఆహారం అదే, శరీరం అదే. మారినది చుట్టుప్రక్కల ఎవరున్నారన్నది మాత్రమే. సాంగత్యం మారినంతమాత్రాన రక్తమే మారేటప్పుడు, సాంగత్యం బొత్తిగా లేకుండ పోతే ఆ ప్రాణి ఏమగునో ఊహించుట కష్టం కాదు. మనిషి ఎంత ప్రేమించినను రాత్రి రెండు గంటలకు నిద్రలో ఉండును. అది దానికి మధ్యాహ్నం.

లడ్డూకు మెడచుట్టు అట్టవంటి పట్టీ కట్టి, నొప్పి తగ్గించే మందు ఇచ్చి, గాయం మానిన తరువాత వైద్యుని సలహాపై మరొక జంతువును తెచ్చినారు. ఒకేసారి ఒక పంజరంలో వేయలేదు. వేసి ఉంటే పోట్లాడి చంపుకొనేవి. రెండు పంజరాలు దగ్గరగా పెట్టి, దీని గూటిగుడ్డ దానికి, దాని గూటిగుడ్డ దీనికి మార్చుతూ, వాసనలు కలిసిన తరువాత తలుపు తీసినారు. అందుకు నెలకు పైగా పట్టినది.

ఇక పెంచేవారు రోజూ గమనించవలసినవి. నా మాటపై విశ్వాసం తగ్గినందున మేనల్లుడు ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టినాడు. దానిని చూచి నేనే నేర్చుకొన్నాను. ప్రతి ఆదివారం వంటింటి త్రాసులో రెండింటి బరువు. 120 గ్రాముల ప్రాణి 12 గ్రాములు తగ్గితే కంటికి కనిపించదు గాని, అది 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గుటతో సమానం. మేలుకొనే వేళ, దూకిన ఎత్తు, మలం గట్టిగా ఉన్నదా లేదా, తాగిన నీరు, ఎక్కడ పడుకొన్నవి – ఒక్కొక్కదానికి ఒక గీత. ఇంత చిన్న శరీరంలో విరేచనాలు పట్టుకొన్నా, నీరు మానివేసినా ఒక్క రోజులోనే కన్నులు లోతుకు పోయి ప్రమాదస్థితి వచ్చును. కావున రేపు చూతమను మాట ఈ జంతువు విషయంలో పనికిరాదు. చిగుళ్ళు, పళ్ళు చెడినప్పుడు గట్టివాటిని విడిచి మెత్తనివి ఏరుకొని తినును. దానిని మారాం అనుకొనరాదు.

మన దేశంలోను విదేశీ పెంపుడు ప్రాణుల అంగళ్ళలో ఈ జంతువు కనిపిస్తున్నది. జేబురుమాలులో పట్టే ముద్దుప్రాణి అని, పగలు జేబులో నిద్రపోవునని అమ్మేవారు చెప్పుదురు. నిద్రపోవుట నిజమే, అది నిశాచరి. ఆస్ట్రేలియా తన వన్యజంతువులను వ్యాపారానికి సజీవంగా ఎగుమతి కానివ్వదు. 2019లో ప్రకటితమైన జన్యుపరిశోధన ప్రకారం అమెరికా ఇళ్ళలోని షుగర్ గ్లైడర్ల పూర్వికులు ఇండోనీషియా పాలనలోని పశ్చిమ న్యూగినీ ప్రాంతం నుండి వచ్చినవి. అమెరికాలోనే కాలిఫోర్నియా, హవాయి, అలాస్కా రాష్ట్రాలలో వీటిని ఇంటిలో పెంచుట నిషిద్ధం. నా అభిప్రాయం అడిగితే, వసతిగృహపు గదిలో ఒక్కదానిని పెట్టుకొనుటకు ఇది తగిన ప్రాణి కాదు. ఈ జాతిని ఎరిగిన పశువైద్యుడు ఊరిలో ఉన్నాడా అని కొనకముందే విచారించవలెను. కొన్న తరువాత విచారించినవారికి మా అనుభవమే కలుగును. మన నగరంలో వేసవి 40 డిగ్రీలు దాటుననునది మరొక సంగతి.

గత మాసంలో మేనల్లుడు మరల ఫోను చేసినాడు. లడ్డూ రాత్రి రెండు గంటలకు లేచి మొరుగుతున్నాడట, క్రొత్త తోడు కూడ అందుకొంటున్నదట, ఇంటిల్లిపాదికి నిద్ర లేదట. ఇది రోగమా అని అడిగినాడు. బరువు ఎంత అని అడిగినాను. నోటుపుస్తకం తీసి 128 గ్రాములు, నాలుగు వారాలుగా అంతే అన్నాడు. పంజరం పైనుండి దూకుతున్నవా అంటే దూకుతున్నవి అన్నాడు. మొరగనిమ్మన్నాను. మానివేసిన రాత్రి మాత్రం, ఎంత వేళైనను, ముందు పశువైద్యునికి, తరువాత నాకు ఫోను చేయమన్నాను.